చక్రము చెప్పిన మాట

వస్తువేదియైనను చెడిపోవుటకు ముందు తన బాధను ఏదో యొక విధమున తెలుపుకొనును. కవ్వము, తిరుగలి, కుట్టుమిషను, వీని ధ్వనిలో రవంత మార్పు వచ్చినను ఇల్లాలు చేతిలోని పని నాపి చెవి యొగ్గును. నేడు అనేక గృహములలో చేరిన కారు విషయమున మాత్రము, అది పురుషుల వ్యవహారమని మనము ఊరకుందుము. ఇట్టి యుదాసీనత తగదని మాకు తోచి, మా యనుభవమును సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మా అత్తగారు మూత్రపిండముల వ్యాధితో బాధపడుచున్నారు. వారమునకు రెండుమారులు రక్తశుద్ధికై వారిని తణుకునుండి రాజమహేంద్రవరమునకు కొనిపోవలెను. 16వ నంబరు జాతీయ రహదారిపై సిద్ధాంతమువద్ద వసిష్ఠను, రావులపాలెము దాటిన పిమ్మట గౌతమిని గడచి పోవలెను. తిరుగుప్రయాణమున వారు నీరసించి మా యొడిలో తలయుంచి పరుండెదరు. అట్టి ప్రయాణములలోనే కారునుండి తుమ్మెదల గుంపు వలె నొక రొద వినబడసాగెను. గంటకు 50 కిలోమీటర్ల వేగమున మొదలై, 80కి చేరునప్పటికి అది మాటలను మ్రింగివేయుచుండెను.

మెకానిక్కునకు చూపగా, అతడు బండిచుట్టు ఒకమారు తిరిగి, "టైర్లు అరిగినవమ్మా. నాలుగూ మార్పించండి. లేదా పాటలు పెట్టుకొని కూర్చొండి, వినబడదు" అని నవ్వెను. నాలుగు టైర్లనగా బడిపంతులు జీతములో పెద్ద పాలు. అంతకంటె మించిన భయమొకటి కలదు: టైర్లు మార్చిన పిదపను దోషము లోపలనే యుండిపోయినచో, నదిపై వంతెన నడుమ మా గతి యేమి? "ఏమండీ, సొమ్ము వెచ్చించుటకు ముందు దోషము టైర్లదే యని తేల్చుకొందము" అంటిమి. మా యింటివారు సమ్మతించిరి.

బాల్యమున తండ్రిగారియొద్ద తర్కము చదువునపుడు అన్వయవ్యతిరేకములను గూర్చి వింటిమి. ఏది యున్నపుడు కార్యముండునో, ఏది లేనపుడు కార్యము లేకుండునో, దానినే కారణముగా నెన్నవలెను. ఈ సూత్రమునే కారునకు పట్టించితిమి.

మొదటి ప్రశ్న: రొద ఇంజనుదా? కారు నిలిచియున్నపుడు ఇంజనును ఎంత వేగముగా నడిపినను రొద లేదు. ఇతర వాహనములు లేని తిన్నని దారిలో, పోవుచున్నపుడే గేరును తటస్థముగా నుంచిరి. ఇంజను ధ్వని తగ్గెను గాని రొద తగ్గలేదు. కావున అది చక్రముల వేగము ననుసరించునదే.

రెండవ ప్రశ్న: టైర్లదా, లోని బేరింగుదా? టైరు రొద దారినిబట్టి మారును. సిమెంటు రోడ్డుపై నొకటి, తారురోడ్డుపై నొకటి. మాకు వినబడునది మారలేదు. ముందు టైర్లను వెనుకకు, వెనుకవానిని ముందుకు మార్పించితిమి. రొద వచ్చు చోటు మారలేదు.

మూడవ ప్రశ్న: ఏ చక్రము? కారు ఎడమకు మరలినపుడు బరువు కుడి చక్రములపై నొరగును. అపుడు రొద హెచ్చెను. కుడికి మరలినపుడు తగ్గెను. ఇంటికి వచ్చి, తక్కిన చక్రములకు రాళ్లడ్డుపెట్టి, జాకీ నొక్కదానినే నమ్మక క్రింద గట్టి ఆధారముంచి, ముందరి కుడి చక్రమును లేపితిమి. మా యింటివారు చక్రమును త్రిప్పగా, మేము దానిపైనున్న స్ప్రింగును వ్రేళ్లతో తాకి చూచితిమి. ఇసుక నూరినట్లు గరగర వ్రేళ్లకు తెలిసెను. ఎడమ ప్రక్కన నట్లు లేదు. చక్రమును పైని, క్రిందను పట్టి యూపినపుడు కదలిక లేకుండెను గాని, అంతమాత్రముచే బేరింగు నిర్దోషియని చెప్పరాదు. కదలిక తరచుగా వ్యాధి ముదిరిన పిమ్మటనే కానవచ్చును.

ఈ లక్షణములన్నియు వినినంతనే, వేరొక షెడ్డులోని వృద్ధుడైన పనివాడు తల యూపి పనికి పూనుకొనెను. ప్రెస్సుతో పాత బేరింగును వెలికి నెట్టి, క్రొత్తదానిని వెలుపలి వలయముపైననే ఒత్తిడి పడునట్లు కూర్చెను. లోపలి వలయముపై నొత్తినచో ఆ బలము ఉక్కు గుండ్లగుండా పోయి, క్రొత్త బేరింగు సైతము చెడునట. ఇరుసు నట్టును పాతది విడిచి క్రొత్తది వేసి, కారు చేసినవారు విధించిన కొలతకు, కొలత చూపు పానాతో బిగించెను. పిదప పాత బేరింగును విప్పి చూపెను. కందెన గోధుమరంగు నీరై యున్నది. గుండ్లు పరుగిడు బాట గుంటలు పడియున్నది. వర్షములలో నీట మునిగిన దారిన పోవుటచే నీరు లోనికి చొచ్చియుండునని అతడు చెప్పెను. గుండ్లు ఆ గుంటలపై దొర్లుటయే మేము విన్న రొద. అటులే నడిపినచో బేరింగు వేడెక్కి పట్టివేయుటయో, చక్రమే వదులగుటయో సంభవింపగలదట. తరువాతి ప్రయాణమున అత్తగారు కన్ను మూసి, రావులపాలెము వచ్చువరకు నిద్రించిరి.

దశరథుని రథమునకు శీల ఊడగా, కైకేయి తన వ్రేలినే యుంచి చక్రమును నిలిపెనని మనవారు కథగా చెప్పుకొందురు. మనము వ్రేలి నుంచ నక్కరలేదు. చెవి యుంచిన చాలును. బండి నడుపువారి దృష్టి దారిపై నుండును. ప్రక్కన కూర్చున్న మనకు వినుటకు తీరిక కలదు. రొద యే వేగమున మొదలిడెను, ఏ వైపునకు మరలినపుడు హెచ్చెను, దారి మారినపుడు మారెనా, ఈ మూటిని కాగితముపై వ్రాసి పనివానికి చూపుడు. "ఏదో చప్పుడు" అని చెప్పినచో నవ్వువాడు సైతము, ఇట్లు చెప్పినచో నవ్వడు.