టౌనులో పంక్తి భోజనం

పల్లె సంఘములలో ప్రార్థన కూటానికి వెళ్ళినప్పుడల్లా తల్లులు నా చెయ్యి పట్టుకొని చెప్పే విన్నపం ఒకటి ఉన్నది. "టీచరమ్మా, మా పిలగాడు కరీంనగర్ల రూము తీసుకొని చదువుకుంటుండు. ఏం తింటుండో, ఎవలతోని తిరుగుతుండో. జర ప్రార్థన చెయ్యుండ్రి." జ్వరం, అప్పు, పెండ్లి సంబంధం, వీటి తరువాత వచ్చే విన్నపం ఇదే. తిండి, స్నేహం అన్న రెండు మాటల్లోనే తల్లి భయమంతా ఇమిడి ఉంటుంది. టౌను ఈ రెంటినీ చెడగొడుతుందని మన పల్లెల్లో గట్టి నమ్మకం. నేను ఆ టౌనులోనే ముప్పై ఏండ్లకు పైగా కాపురం ఉన్నదాన్ని. కూటం ముగిసి బస్సు వచ్చేలోగా చెప్పడం కుదరని సంగతి గనుక ఇక్కడ వ్రాస్తున్నాను.

(మా పెద్దలకు పట్నమంటే హైదరాబాదు ఒక్కటే. కరీంనగర్ ఎంత పెరిగినా వారి నోట అది టౌనే. నేనూ అట్లాగే వ్రాస్తాను.)

టౌను పెరిగిన మాట నిజమే. దిగువ మానేరు ఆనకట్ట 1985లో పూర్తయింది. 2005లో మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది. 2011 జనాభా లెక్కల నాటికే ఊరి జనం రెండు లక్షల అరవై వేలు దాటారు. 2016 అక్టోబరులో పాత జిల్లాను విడదీసి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్లలను వేరు జిల్లాలు చేసినా, ఆస్పత్రికీ చదువుకూ పెండ్లి బట్టలకూ జనం ఇంకా ఇటే వస్తున్నారు. 2023లో మానేరు మీద తీగల వంతెన తెరిచారు. మా వీధి పిల్లలకు ఆ వంతెన కంటే కాల్చిన మక్కకంకులే ముఖ్యం.

అయితే టౌను మాకిచ్చిన మొదటి మేలు వంతెన కాదు, ఒక గ్లాసు చాయ్.

మా బాపు చిన్ననాట మా ఊరి హోటల్లో గ్లాసులు రెండు రకాలు. లోపలివారికి లోపలి గ్లాసులు. మావారికి చూరులో చెక్కిన గ్లాసు. అది తీసి చేతపట్టుకొని నిలబడితే పై నుండి చాయ్ పోసేవారు. తాగి, కడిగి, మళ్ళీ చూరులో పెట్టి రావాలి. అంటరానితనాన్ని నేరంగా ఎంచే చట్టం 1955లోనే వచ్చింది. చూరులోని గ్లాసుకు మాత్రం ఆ సంగతి చాలా ఏండ్ల వరకు తెలియలేదు.

బాపు ఒకసారి విత్తనాలకని కరీంనగర్ వచ్చి, టవర్ సర్కిల్ దగ్గర ఒక చాయ్ హోటల్లోకి ఇంకొకరి వెనుక నడిచి వెళ్ళాడు. కూర్చోవాలో నిలబడాలో తెలియక నిలబడ్డాడు. బల్లకు ఆ పక్కన టోపీ పెట్టుకున్న ఒక సాయబు, ఎదురుగా తెల్ల ధోవతి కట్టిన ఒక సేటు. సాయబే జరిగి చోటిచ్చాడు. చాయ్ తాగిన తరువాత బాపు అలవాటు కొద్దీ గ్లాసు పట్టుకొని లేచి నీళ్ళెక్కడున్నాయని చూశాడు. బల్లలు తుడిచే పిల్లవాడు పరుగెత్తుకొచ్చి గ్లాసు లాక్కున్నాడు. "ఉండనియ్యి కాకా, నేను గడుగుత."

ఈ కథ బాపు మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. "ఆ చాయ్ ఎట్లున్నదో యాదికి లేదు బిడ్డా, ఆ పోరని మాట యాదికున్నది" అనేవాడు. మా ఇంట ఆడపిల్లను టౌనులో చదివించాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడు, బంధువులంతా ఒక వైపు ఉంటే బాపు ఒక్కడే ఇంకొక వైపు ఉన్నాడు. నేను టీచరును కావడానికి ఆ గ్లాసు కూడా ఒక కారణం.

సంఘములోనైనా ఈ సంగతి తేలికగా తీరలేదు. పందొమ్మిదవ శతాబ్దం చివరి ఏండ్లలో వెస్లియన్ మెథడిస్టు దొరలు ఈ ప్రాంతానికి సువార్త తెచ్చారు, బడులు పెట్టారు. సువార్తను ముందుగా చేర్చుకున్నది మన పేద వాడలే. కాని ఒకే బాప్తిస్మము పొందినవారు కూడా చాలా ఊళ్ళలో పెండ్లి పంక్తికి వచ్చేసరికి మాలలు ఒక వైపు, మాదిగలు ఒక వైపు కూర్చున్నారు. ఇది మన ఇంటి సంగతి గనుక మనమే చెప్పుకోవాలి. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య గారు చేసిన ప్రసంగం నాకు ఎప్పుడూ జ్ఞాపకం వస్తుంది. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్య గారే. మీరు పేదలకు మీ ఆస్తి పంచారు, మీ శరీరాలను సైతం అర్పించారు, అందుకు కృతజ్ఞులమే, అయినా మాకు ప్రేమ కావాలి, స్నేహితులు కావాలి అన్నది ఆ ప్రసంగపు ముగింపు. మన పెద్దలకు అన్నం పెట్టినవారు చాలామంది ఉన్నారు. పక్కన కూర్చొని తిన్నవారు తక్కువ. ఆ తేడా తెలిసినవారికే టౌను హోటల్లోని ఆ బల్ల విలువ తెలుస్తుంది.

పెండ్లయిన కొత్తలో మేము అద్దెకున్నది ఒకే వాకిలి చుట్టూ కట్టిన అయిదు పోర్షన్లలో ఒకటి. అందరికీ కలిపి ఒకే చేతిపంపు. ఒకరు మంచిర్యాల వారు, తండ్రి సింగరేణిలో పనిచేసినవాడు. ఒకరి ఇంటాయన గల్ఫులో ఉండేవాడు, ఉత్తరం వచ్చిన రోజు ఆమె ఇంట పాయసం. ఆదిలాబాద్ నుండి వచ్చిన అక్క మాటల్లో మరాఠీ కలిసేది. ఆమె చేత్తో తట్టిన జొన్నరొట్టె నా అరచేతిలో ఈనాటికీ రాలేదు. నాలుగో ఇల్లు ఒక ముస్లిం కుటుంబం. రంజాన్ నాడు వారింటి నుండి షీర్ ఖుర్మా వచ్చేది, క్రిస్మస్‌కు మా ఇంటి నుండి సకినాలు, గరిజెలు వెళ్ళేవి. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అయినా ఏ గిన్నే ఖాళీగా పోలేదు.

సర్వపిండి చేసిన రోజు మాత్రం దాచుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. బియ్యప్పిండిలో నానిన శెనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం కలిపి, మందపాటి సర్వ అడుగున వత్తి, వేలితో అక్కడక్కడ బొక్కలు చేసి నూనె వేసి మూత పెడితే, కాలే వాసన చేతిపంపు దాటి రోడ్డు మీదికి పోతుంది. సర్వలో ఒకసారికి ఒకటే అవుతుంది, అయిదిండ్ల పిల్లలు వరుసగా నిలబడేవారు. అడుగు మాడిన ముక్క కోసమే కొట్లాట. గ్యాసు పొయ్యి మీద నాన్‌స్టిక్ పెనంలో చేసేది కూడా సర్వపిండే అంటారు. నేను వాదించను, కాని ఒప్పుకోను.

పిల్లలను రూములో పెట్టిన తల్లులకు నేను చెప్పేది ఇది. మీ వాడికి డబ్బా నిండా పచ్చడి పెట్టి పంపుతారు, మంచిదే. దానితోపాటు మీ అయ్యగారి చేత టౌను సంఘకాపరికి ఒక ఉత్తరం వ్రాయించి పంపండి. సామాను దించిన తరువాత వచ్చే మొదటి ఆదివారమే వాణ్ణి గుడికి తీసుకొచ్చి ఎవరో ఒకరి పక్కన కూర్చోబెట్టి పోండి. డిసెంబరు వచ్చేసరికి వాడు క్యారల్స్ గుంపులో ఉంటాడు. రాత్రి రెండు గంటలకు ఏ ఇంట చాయ్‌లో అల్లం వేస్తారో, ఏ ఇంటి సకినాలు కరకరలాడతాయో మీకు చెప్పగలుగుతాడు.

ఇక కోత పండుగ. పొలాలు లేని టౌనులో కోత పండుగ ఏమిటని కొత్తవారు అడుగుతారు. వచ్చి చూస్తే తెలుస్తుంది. బల్ల మీద వడ్ల గుమ్మితోపాటు దర్జీ కుట్టిన గౌను ఉంటుంది, డాబా మీద కుండీలో కాసిన నాలుగు వంకాయలుంటాయి, కాళ్ళు కట్టిన కోడిపుంజు ప్రసంగం మధ్యలో ఆమేన్ చెబుతుంది. ఆరాధన అయిన తరువాత హర్రాజు. ఒక ఏడాది పల్లె నుండి ఒక అవ్వ బస్సులో ఒళ్ళో పెట్టుకొని ఒక గుమ్మడికాయ తెచ్చింది. బ్యాంకు ఉద్యోగి ఒకాయన, హమాలీ పని చేసే తమ్ముడు ఒకాయన పంతానికి పడి పాట పెంచారు. హమాలీ తమ్ముడే గెలిచాడు. గెలిచి, రూపాయలు కట్టి, "మళ్ళ పాడుండ్రి" అని కాయను తిరిగి బల్ల మీద పెట్టాడు. ఈసారి బ్యాంకు ఆయన కొని, ఆయనా తిరిగి పెట్టాడు. అట్లా మూడుసార్లు అమ్ముడుపోయిన గుమ్మడికాయ చివరికి ఆ పూట వంటలోకే పోయింది. అవ్వ మాత్రం, "మూడు మాట్ల అమ్మిండ్రు, ఒక్కమాటన్న నాకు కూరెయ్యుండ్రి" అని కూర్చున్నది.

ఇటీవలి ఏండ్లలో మా భోజనాల తీరు మారింది. సంఘము నాలుగు వందల మందికి పెరిగింది. ఫంక్షన్ హాళ్ళను చూసి మేము కూడా బఫే పెట్టాం. ప్లేటు పట్టుకొని ఎవరికి వారు వడ్డించుకొని, తెలిసినవారితో ఒక మూల నిలబడి తినడం. డాక్టర్లు డాక్టర్లతో, టీచర్లు టీచర్లతో. ఎవరు తిన్నారో ఎవరు తినలేదో తెలిసే దారి లేదు.

కొరింథు కూడా పెరుగుతున్న టౌనే. రోమీయులు క్రీ.పూ. 146లో దాన్ని నేలమట్టం చేశారు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు తిరిగి కట్టించడానికి పూనుకున్నప్పుడు అక్కడికి తెచ్చిన జనంలో విడుదల పొందిన దాసులు చాలామంది. కెంక్రేయ ఒక వైపు రేవు, ఇంకొక వైపు మరొక రేవు. ఊరూరి మనుషులు, ఊరూరి వంటలు. ఆ సంఘములో పట్టణపు ఖజానాదారుడు ఎరస్తు ఉన్నాడు, సంఘమంతటికీ ఆతిథ్యమిచ్చిన గాయియు ఉన్నాడు (రోమా 16:23), యజమాని విడిస్తే తప్ప కదలలేని దాసులూ ఉన్నారు. ప్రభువు భోజనానికి కూడినప్పుడు తీరిక ఉన్నవారు ముందు వచ్చి తిన్నారు. పని ముగించుకొని వచ్చేవారికి ఏమీ మిగలలేదని పండితులు వివరిస్తారు. పౌలు ఆ విందును ఆపమనలేదు. ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకొని ఉండమన్నాడు (1 కొరింథీ 11:33). పెద్ద సిద్ధాంతం అనుకొని మనం చదివే అధ్యాయం చివరకు వచ్చి ఆగింది అన్నం దగ్గర.

గోదావరిఖనిలో షిఫ్టుల మీద బావిలోకి దిగేవారి ఇండ్లలో ఈ వాక్యానికి వివరణ అక్కర లేదు. మూడు షిఫ్టుల ఇంట్లో ఎవరికో ఒకరికి ఎప్పుడూ కూర మూత పెట్టి ఉంటుంది.

మా సంఘములో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆయాగా చేసే అక్క ఒకామె ఉన్నది. ఒక కోత పండుగనాడు పొద్దున డ్యూటీకి పోతూ గుడి దగ్గర ఆగి బల్ల మీద ఆరు గుడ్లు పెట్టిపోయింది. హర్రాజులో ఆ గుడ్లు మంచి ధరే పలికాయి. రెండింటికి డ్యూటీ దిగి ఆమె వచ్చేసరికి గిన్నెలు కడుగుతున్నారు. ఆమె ఏమీ అనలేదు, తానూ ఒక గిన్నె తీసుకొని కడిగి ఇంటికి పోయింది.

ఆ నెల స్త్రీల మైత్రి కూటంలో ఈ మాట వచ్చింది. ఆమె కూడా అక్కడే ఉన్నది. బఫే అయితే ఖర్చు తక్కువ, పని తక్కువ అని కొందరన్నారు. అదీ అబద్ధం కాదు, వడ్డించే నడుములు మావే కదా. రెండున్నర దాకా అందరినీ ఆపితే షుగరు ఉన్నవారి గతి ఏమిటన్నారు. చివరికి ఒక చెల్లెలు, డ్యూటీలో ఉన్నవారికి పార్సెల్ కట్టి ఉంచుదాం అన్నది. చాలామంది తలలూపారు. అప్పుడు ఆ ఆయా అక్క మెల్లగా అన్నది, "పార్సెలైతే ఇంటికాడ ఒక్కదాన్నే తినాలె గద."

పార్సెల్ మాట అక్కడితో ఆగింది. మళ్ళీ మోదుగాకు విస్తర్లు తెప్పించాం. చిన్నపిల్లలకు, ముసలివారికి, జబ్బు మనుషులకు మొదటి పంక్తి, మిగతావారికి రెండోది. మూడోది రెండున్నరకు. ఆస్పత్రుల నుండి, షాపుల నుండి, సెక్యూరిటీ డ్యూటీ నుండి వచ్చేవారు, వారితోపాటు అప్పటిదాకా వడ్డించినవారు, కోశాధికారి, అయ్యగారు, అమ్మగారు, అందరూ అదే పంక్తిలో. మొదటి ఏడాది మూడో పంక్తి చిన్నదే. తరువాత రెండో పంక్తిలో తినవలసినవారు కొందరు ఏదో పని ఉన్నట్టు అటూ ఇటూ తిరుగుతూ మూడోదాని కోసం ఆగడం మొదలుపెట్టారు.

నిరుడు మూడో పంక్తికి డెబ్బైకి పైగా విస్తర్లు వేశాం. బగారన్నం అడుగు కొద్దిగా మాడింది, దాల్చా సరిపోలేదు, పచ్చిపులుసు రెండోసారి కలపవలసి వచ్చింది. ఆయా అక్క డ్యూటీ చీరతోనే వచ్చి కోశాధికారి పక్కన కూర్చొని, పులుసు నోట్లో పోసుకొని, "ఇంకింత ఉల్లిగడ్డ వడాలె" అన్నది. ఉల్లిగడ్డ కోసుకొచ్చాం.