పదేళ్ల తర్వాత పండక్కి ఎవరొస్తారు?

పదేళ్ల తర్వాత సంక్రాంతికి ఇల్లు నిండుగా ఉండాలని ఏ అమ్మానాన్నలకు ఉండదు? కానీ నిండడానికి మనుషులేరీ? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం స్త్రీకి సగటున పుట్టే పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఒక్కగానొక్క కొడుక్కి ఒక్కగానొక్క కూతుర్నిచ్చి చేస్తే వాళ్ల బిడ్డకు మేనమామా ఉండడు, మేనత్తా ఉండదు. చెవులు కుట్టించేరోజు ఒళ్లో కూర్చోబెట్టుకునే మనిషిని వెతుక్కోవాలి.

వీడియో కాల్ ఉందిగా అంటారు. పలకరింపుకి సరే, అర్ధరాత్రి ఆస్పత్రిలో పక్కన కూర్చోదు కదా. తల్లిదండ్రుల పోషణకు 2007లోనే చట్టం వచ్చింది. అది భరణం ఇప్పిస్తుంది, బంధువుల్ని కాదు. అలాగని ఇంకొకర్ని కనమనడం అన్యాయం. పెంచే చాకిరీ ఇంకా ఆడవాళ్ల నెత్తినే ఉంది. ఉన్న చుట్టరికాల్నే దగ్గర చేసుకోవాలి. ర్యాంకుల గొడవ కాస్త పక్కనపెట్టి, ఈ వేసవిలో పిల్లల్ని ఓ వారం పిన్ని వాళ్లింట్లో దిగబెట్టి రండి.