గోడ తినేసిన కరెంటు

మా ఇంట్లో ఏసీ ఒక్కటే, అత్తయ్య గదిలో. ఒకటిన్నర టన్నుది, పాతరకం, ఇన్వర్టర్ కాదు. ఈ వేసవిలో పగలంతా బాగానే నడిచేది. రాత్రి తొమ్మిదయ్యేసరికి తంతు మొదలయ్యేది. బయటి యూనిట్ "గుంయ్"మని మూలిగేది, గదిలో లైటు మసకబారేది, "టక్"మని ఆగిపోయేది. కాసేపటికి మళ్ళీ అదే వరస. లోపల ఫ్యాను మాత్రం ఉత్తగాలి కొడుతూ ఉండేది.

మెకానిక్ వచ్చి గ్యాసు చూశాడు, కెపాసిటర్ చూశాడు. రెండూ బాగున్నాయన్నాడు. "లో వోల్టేజీ మేడమ్, మంచి స్టెబిలైజర్ పెట్టుకోండి" అని వెళ్ళిపోయాడు. మేమూ నమ్మేశాం. ఎండాకాలం రాత్రి మా సీతాఫల్‌మండిలో ఏ ఇంట చూసినా ఏసీలే కదా, అందరూ ఒక్కసారి వేస్తే వోల్టేజీ పడిపోదూ అనుకున్నాం. శనివారం సాయంత్రం రాణీగంజ్ వెళ్ళి స్టెబిలైజర్ తెద్దామన్నారు మావారు.

ఈలోగా అత్తయ్య రెండుసార్లు అన్నారు, "ఏదో కాలిన వాసన వస్తోందమ్మా" అని. మొదటిసారి అగరుబత్తి అయ్యుంటుందన్నాను. రెండోసారి వంటింట్లోంచే "పక్కింట్లో పోపు మాడిందేమోలెండి" అన్నాను. లేచి వెళ్ళి చూడలేదు. పెద్దవాళ్ళకి ఏదో ఒకటి అనిపిస్తూనే ఉంటుందిలే అనుకున్నాను.

శుక్రవారం మేడ మీద బట్టలు తీస్తుంటే కింది వాటా ఆవిడ కలిసింది. కరెంటు సంగతి ఎత్తితే, "మా ఏసీ రాత్రంతా బాగానే నడుస్తోందే!" అంది. ఒకే స్తంభం నుంచి రెండు వాటాలకీ కరెంటు. వాళ్ళకి లేని లో వోల్టేజీ మాకెందుకు? అప్పుడు మా వీధిలో ఎప్పట్నుంచో పనిచేసే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను.

ఆయన మల్టీమీటర్ తెచ్చాడు. ఏసీ ఆపి ఉన్నప్పుడు మీటరు బోర్డు దగ్గర 224 వోల్టులు, ప్లగ్ దగ్గరా 224. ఉండాల్సింది 230, కాబట్టి తప్పేమీ లేదు. ఏసీ వేయించాడు. కంప్రెసర్ అందుకున్నాక బోర్డు దగ్గర 221, ప్లగ్ దగ్గర 201! కంప్రెసర్ మొదలయ్యే క్షణంలోనైతే 150 కంటే కిందికి పడింది. నడిచేటప్పటికంటే మొదలయ్యేటప్పుడు అది చాలా రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుందట. రాత్రిళ్ళు బయట వోల్టేజీ కూడా కాస్త తగ్గేసరికి ఇక తిరగలేక ఆగిపోతోందన్నమాట.

"అమ్మా, బయటి కరెంటు మంచిగనే ఉన్నది. మీ గోడే తింటున్నది" అన్నాడు.

ఆ 20 వోల్టులు ఎక్కడికి పోతున్నట్టు? ఏసీ లాగేది 7 ఆంపియర్లు. 20ని 7తో గుణిస్తే 140 వాట్లు. 60 వాట్ల పాత బల్బులు రెండు వెలిగితే ఎంత వేడో, అంతకంటే ఎక్కువ వేడి గోడలో పుడుతోంది.

మెయిన్ ఆపి, అత్తయ్య మంచం జరిపి సాకెట్ విప్పాడు. లోపల ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, ఒక పక్క కరిగిపోయి ఉంది. వెనక మామయ్యగారి కాలంనాటి అల్యూమినియం తీగకి, ఏసీ పెట్టినప్పుడు ఎవరో రాగి తీగ మెలితిప్పి టేపు చుట్టారు. అలాంటి అతుకు కాలం గడిచేకొద్దీ వదులై, వేడెక్కి, ఇంకా వదులవుతుందట. అత్తయ్య తలగడకి అది జానెడు దూరం. నా కాళ్ళు వణికాయి.

"స్టెబిలైజర్ పెట్టుంటే?" అని అడిగాను. "అది పెట్టేది కూడా ఇదే సాకెట్‌లనే కదమ్మా. వోల్టేజీ పెంచనీకి ఇంకింత కరెంటు గుంజుతది. ఏసీ చల్లగ నడుస్తది, గోడ ఇంకింత కాలుతది" అన్నాడు.

బోర్డు నుంచి ఏసీకి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికో ఎంసీబీ, కొత్త 20 ఆంపియర్ల సాకెట్ వేశాడు. స్టెబిలైజర్ కొనే పని తప్పింది.

మీ ఇంట్లో ఇలా అయితే ముందు పక్కింట్లో అడగండి. వీధి మొత్తం మసకగా ఉంటే బయటి తప్పు, 1912కి ఫోన్ చేయండి. కొన్ని ఇళ్ళలో మసక, కొన్నింట్లో బల్బులు మరీ మండిపోతున్నట్టు వెలుగుతుంటే న్యూట్రల్ వదులై ఉండొచ్చు. వెంటనే మెయిన్ ఆపేయండి. మీ ఒక్కరికే అయితే, ఏసీ నడుస్తుండగా బోర్డు దగ్గరా ప్లగ్ దగ్గరా రెండుచోట్లా వోల్టేజీ చూడమని ఎలక్ట్రీషియన్‌ని అడగండి. మీరు మాత్రం సాకెట్ విప్పకండి. టెస్టర్ వెలిగితే కరెంటు ఉందనే తెలుస్తుంది, ఎన్ని వోల్టులో తెలియదు.

ఆ రాత్రి పదింటికి అత్తయ్య గదిలోకి వెళ్ళాను. గది చల్లగా ఉంది. "వాసనేమైనా వస్తోందా అత్తయ్యా?" అన్నాను.

దుప్పటి మెడదాకా లాక్కుంటూ, "రావట్లేదు. ఇవాళైనా అడిగావు" అన్నారు.