1.1 అంటే ఎంత

క్రియాటినిన్ 1.1 వస్తే మా ల్యాబ్ రిపోర్టులో దాని పక్కన ఏ గుర్తూ పడదు. 0.6 నుంచి 1.2 దాకా నార్మల్ అని పక్క గడిలో అచ్చై ఉంటుంది. హద్దు దాటిన అంకె మాత్రమే లావు అక్షరాల్లో పడుతుంది. రక్తం తీయడం, సీరం వేరుచేయడం, మెషీన్‌లో పెట్టడం, వచ్చిన కాగితం చేతికివ్వడం నా ఉద్యోగం. దాని అర్థం చెప్పాల్సింది డాక్టరు. కానీ చిన్న ఊళ్లో రిపోర్టు తీసుకున్నవాళ్లు ముందు అడిగేది టెక్నీషియన్‌నే. నేను చెప్పేవాణ్ణి. లావు అక్షరాలు లేకపోతే "నార్మలే" అనేవాణ్ణి. ఆ అలవాటు వల్ల ఎక్కువ నష్టపోయింది మా మేనత్త.

అత్తకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. సన్నటి మనిషి. ఏటా నా దగ్గరే రక్తపరీక్ష చేయించుకునేది. అరవై నాలుగో ఏట క్రియాటినిన్ 0.7. తర్వాత 0.8, 0.9 అయింది. అరవై ఎనిమిదికి 1.1. వచ్చినప్పుడల్లా "ఏట్రా, కిడ్నీలు బాగున్నాయా?" అనేది. బాగున్నాయత్తా అనేవాణ్ణి. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ మాత్రలు రోజూ వేసుకోవచ్చా అని అడిగిన రోజు కూడా ఆ 1.1 చూసే, "కిడ్నీ నార్మలే కదా, వేసుకో" అన్నాను. ఆ మాట ఏ డాక్టరూ చెప్పలేదు. నేను చెప్పాను.

తర్వాతి ఎండాకాలంలో అత్తకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజుకు మూత్రం బాగా తగ్గిపోయింది. శాంపిల్ పెడితే 3.8 వచ్చింది. మెషీన్ తప్పేమోనని మళ్లీ పెట్టాను. అదే అంకె. విశాఖపట్నం తీసుకెళ్లాం. అక్కడి నెఫ్రాలజిస్టు పాత రిపోర్టులన్నీ అడిగి తీసుకుని, ఒక కాగితం మీద అంకెలు వరసగా వేసి, పక్కన వయసు రాశారు. 1.1 దగ్గర గుండ్రంగా గీత గీసి, "అప్పటికే నలభై శాతం పైగా పోయింది, ఎవరూ చెప్పలేదా?" అన్నారు. నేను పక్కనే ఉన్నాను.

నాకు తెలియని విషయం కాదది. చదువుకున్నాను, పరీక్ష రాశాను. కండరాల్లో క్రియాటిన్ అనే పదార్థం రోజూ కొంత అరిగి క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది. కిడ్నీలు దాన్ని బయటికి పంపుతాయి. కాబట్టి రక్తంలో కనిపించే అంకె రెండింటి మీద ఆధారపడుతుంది: ఎంత తయారవుతోంది, ఎంత పోతోంది. కండ ఉన్న ఇరవై అయిదేళ్ల కుర్రాడిలో ఎక్కువ తయారవుతుంది. అతని 1.1 వెనక దాదాపు పూర్తి పనితనం ఉండొచ్చు. అరవై ఎనిమిదేళ్ల సన్నటి ఆడమనిషిలో తయారయ్యేదే తక్కువ. అంత తక్కువలోనూ 1.1 మిగిలిపోయిందంటే పోవాల్సింది పోవడం లేదన్నమాట. ఇప్పుడు వాడుకలో ఉన్న 2021 నాటి సీకేడీ–ఎపీ సూత్రంలో వేస్తే ఆ కుర్రాడికి ఈజీఎఫ్ఆర్ 96 వస్తుంది, మా అత్తకు 55. ఒకే అంకె, ఒకే గడి, ఇద్దరికీ ఏ గుర్తూ పడదు.

ఈజీఎఫ్ఆర్ అంటే కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడపోస్తున్నాయో వేసే అంచనా. రెండు కిడ్నీలూ కలిపి సుమారు మూడు వందల గ్రాములే ఉంటాయి. వాటి గుండా నిమిషానికి ఒక లీటరుకు పైగా రక్తం పారుతుంది. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నటి రక్తనాళాల ఉండ ఒకటుంటుంది, అదే గ్లోమెరులస్. అక్కడి ఒత్తిడికి నీరు, ఉప్పులు, యూరియా, చక్కెర వడపోతలోకి దిగుతాయి. రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు దిగవు. ఆరోగ్యవంతుడిలో ఇలా రోజుకు 180 లీటర్ల దాకా దిగుతుంది. ఒంట్లో ఉన్న ప్లాస్మా మూడు లీటర్లే, అంటే అదే ద్రవం రోజుకు అరవై సార్లు వడపోతకు వెళ్తోంది. వెనకనున్న గొట్టాలు 99 శాతాన్ని తిరిగి రక్తంలోకి తీసుకుంటాయి. ఏది ఎంత ఉంచుకోవాలో, ఏది ఎంత వదలాలో గంట గంటకూ లెక్క మార్చుకుంటాయి. చివరికి మిగిలే లీటరున్నర మనకు మూత్రంగా కనిపిస్తుంది. అందుకే "మూత్రం బాగానే వస్తోంది, కిడ్నీకేం కాదు" అనుకోవడానికి లేదు. పనితనం సగం పోయినా లీటరున్నర వస్తూనే ఉంటుంది.

క్రియాటినిన్ అంకె ఎక్కే తీరు కూడా మోసపుచ్చుతుంది. పనితనం సగానికి పడితే అది దాదాపు రెట్టింపవుతుంది. 0.7 ఉన్న మనిషికి సగం పోయేసరికి 1.4 అవుతుంది. మన కంటికి ఆ తేడా చిన్నది. అదే 4 నుంచి 8 అయితే గుండె ఆగినంత పనవుతుంది, కానీ అప్పటికి పోవడానికి మిగిలింది కొంచెమే. చాలా నష్టం మొదటి మెట్లలోనే జరిగిపోతుంది, మనం నార్మల్ అని పిలిచే గడిలోపలే. అత్త 0.7 నుంచి 1.1కి వచ్చిన నాలుగేళ్లలో ఈజీఎఫ్ఆర్ 97 నుంచి 55కి దిగింది. ఆ రిపోర్టులన్నీ నేనే ఇచ్చాను. ఒక్కసారైనా పక్కపక్కన పెట్టి చూడలేదు.

డైక్లోఫెనాక్ ఏం చేసిందో డాక్టరు బొమ్మ గీసి చెప్పారు. గ్లోమెరులస్‌లోకి వచ్చే నాళం తెరుచుకుని ఉండడానికి, ముఖ్యంగా ఒంట్లో నీరు తగ్గినప్పుడు, ప్రోస్టాగ్లాండిన్లు కావాలి. ఈ నొప్పి మాత్రలు వాటినే ఆపుతాయి, వచ్చే దారి ఇరుకవుతుంది. అత్త బీపీకి వేసుకునే టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. మామూలు రోజుల్లో అది కిడ్నీకి మేలే, షుగరు ఉన్నవాళ్లకు కావాలనే ఇస్తారు. ఆ మాత్రలోనే నీరు తీసే మందూ కలిసి ఉంది. పైనుంచి విరేచనాలు. వచ్చే రక్తం తగ్గింది, పోయే దారి తెరిచే ఉంది, లోపల వడపోతకు కావలసిన ఒత్తిడి లేదు. సగం బలంతో నడుస్తున్న కిడ్నీ దాన్ని తట్టుకోలేదు.

డయాలిసిస్ దాకా పోకుండా బయటపడ్డాం. సెలైన్లు ఎక్కించారు, మాత్రలు ఆపారు. అంకె మెల్లగా దిగి 1.7 దగ్గర నిలిచింది. ఆమె వయసుకు అది ఈజీఎఫ్ఆర్ 32. పోయింది తిరిగి రాలేదు. ఇప్పుడు మోకాళ్లకు వ్యాయామం, పారాసెటమాల్. మళ్లీ విరేచనాలు పట్టుకుంటే ఏ మాత్రలు ఆపి ఎవరికి ఫోన్ చేయాలో డాక్టరు రాసిచ్చిన కాగితం ఇంట్లో గోడకు ఉంది.

ఈజీఎఫ్ఆర్ కూడా అంచనాయే. మా మెషీన్ వాడే పద్ధతి 1886లో మాక్స్ జాఫే గమనించిన రసాయన చర్య: క్షారంలో పిక్రిక్ ఆమ్లం క్రియాటినిన్‌తో కలిస్తే నారింజ ఎరుపు రంగు వస్తుంది, ఆ రంగును కొలుస్తాం. రక్తంలో కీటోన్లు ఎక్కువుంటే అవీ కొంత రంగునిస్తాయి. ముందురోజు బాగా మాంసం తిన్నా అంకె కొంచెం పెరుగుతుంది. కాలు తీసేసినవాళ్లకు, బాగా చిక్కిపోయినవాళ్లకు సూత్రం సరిగ్గా కుదరదు, అప్పుడు సిస్టాటిన్ సి అనే మరో పరీక్ష చూస్తారు. అంకె రోజురోజుకూ మారుతున్నప్పుడు, అత్తకు 3.8 వచ్చిన రోజులాగా, ఈజీఎఫ్ఆర్ లెక్కకు అర్థమే లేదు. మూడు నెలలకు పైగా 60 లోపు నిలిస్తే దీర్ఘకాలిక జబ్బు అంటారు.

కిడ్నీ సంగతిలో ఇంకో సగం మూత్రంలో ఉంది. షుగరు ఉన్నవాళ్లలో చాలామందికి రక్తంలో ఏమీ తేలకముందే మూత్రంలో అల్బుమిన్ కారడం మొదలవుతుంది. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు దాటితే జల్లెడ దెబ్బతింటోందని అనుమానించాలి. ఏసీఆర్ అనే ఈ పరీక్ష అత్తకు ఒక్కసారీ జరగలేదు. ఎవరూ రాయలేదు, నేను గుర్తు చేయలేదు. అలాగని మూత్రం ఒక్కటే నమ్ముకోవడానికీ లేదు. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బు పడ్డవాళ్లలో చాలామందికి షుగరు లేదు, మూత్రంలో ప్రోటీనూ పెద్దగా పోదు. గొట్టాల చుట్టూ ఉన్న కణజాలం నిశ్శబ్దంగా దెబ్బతింటుంది. అక్కడ జబ్బును పట్టించేది క్రియాటినినే. రెండూ చూడాల్సిందే.

మా యజమానిని ఒప్పించి రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ వరుస పెట్టించాను. వయసు, ఆడా మగా అనేవి కంప్యూటర్‌లో ఎలాగూ ఎక్కిస్తాం, రూపాయి ఖర్చు లేదు. పాత అంకె ఉంటే దాన్నీ తేదీతో పక్కన వేస్తున్నాను. నార్మలా అని అడిగినవాళ్లకు ఈ రెండు అంకెలూ చూపించి, వాడే నొప్పి మాత్రల పేరు కూడా డాక్టరుకు చెప్పమంటున్నాను. కొందరు విసుక్కుంటారు. ఒక్క మాటలో చెప్పేయమంటారు.

అత్త తర్వాత నాన్నకు చేశాను. డెబ్బై రెండేళ్లు, షుగరు ఉంది. క్రియాటినిన్ 1.2, ఈజీఎఫ్ఆర్ 64, ఏ గుర్తూ పడలేదు. ఏసీఆర్ 85. మూడు నెలలాగి మళ్లీ తీస్తే 80. డాక్టరు బీపీ మాత్ర మార్చి, షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్ కలిపారు. వచ్చే పరీక్ష సంక్రాంతి తర్వాత.