నాగసాకి... ఫొటోలు దాచిన ఊరు

ఒక యువకుడు. నడుముకు పొట్టి కత్తి. ఒంటిమీద కిమోనో, దానికింద కుచ్చిళ్లు పోసిన వెడల్పాటి లాగు. కుడిచెయ్యి బట్టల్లో దాచుకుని, పక్కనున్న బల్లకు ఆనుకుని ఎటో దూరంగా చూస్తున్నాడు. చూడగానే సమురాయ్ అని తెలిసిపోతుంది. కానీ కిందికి చూస్తే... కాళ్లకు తోలు బూట్లు!

జపాన్‌లో బడిపిల్లలు కూడా గుర్తుపట్టే ఫొటో ఇది. అతని పేరు సకమోతో ర్యోమా. ఒకరంటే ఒకరికి పడని సత్సుమా, చోషు సంస్థానాలను 1866లో ఒక్కటి చేసి, రెండున్నర శతాబ్దాల షోగన్ల పాలనకు చరమగీతం పాడించినవాళ్లలో ముఖ్యుడు. 1867 చివర్లో క్యోటోలోని ఓ ఇంట్లో హంతకుల కత్తులకు బలైపోయాడు. అప్పటికి అతనికి 31 ఏళ్లు. అంతకు కొద్దికాలం ముందే నాగసాకిలో ఓ స్టూడియోకు వెళ్లి ఈ ఫొటో తీయించుకున్నాడు. పాత జపాన్ నడుముకు వేలాడుతుంటే కొత్త జపాన్ కాళ్లకు తొడుక్కుని నిలబడ్డాడన్నమాట!

ఆ స్టూడియో ఉయెనో హికోమాది. నాగసాకి మధ్యలో పారే నకషిమా ఏటి ఒడ్డున 1862లో తెరిచాడు. జపాన్‌లో అందరికంటే ముందు ఫొటోగ్రఫీని వృత్తిగా చేసుకున్న కొద్దిమందిలో హికోమా ఒకడు.

కెమెరా దిగింది ఇక్కడే!

నాగసాకిలోనే ఎందుకు? అప్పట్లో పడమటి దేశాలవాళ్లకు జపాన్ తలుపులన్నీ మూసేసుకుంది. తెరిచి ఉంచిన ఒకే ఒక్క కిటికీ నాగసాకి రేవులోని దెజిమా. విసనకర్ర ఆకారంలో సముద్రంలో మట్టిపోసి 1636లో కట్టిన చిన్న దీవి అది. 1641 నుంచి డచ్చి వర్తకులను అక్కడే ఉంచారు. అనుమతి లేకుండా వంతెన దాటి ఊళ్లోకి రాకూడదు. కాపలా అంత గట్టిది మరి. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు జపాన్ చేరింది ఆ ఓడల్లోనే. అదే డచ్చి కంపెనీకి మన మచిలీపట్నంలోనూ వర్తక స్థావరం ఉండేది. ఆ పూల బట్టల్ని జపానువాళ్లు ‘సరసా’ అని పిలుచుకుని, తేనీటి వేడుకల్లో వాడే విలువైన పాత్రలకు సంచులుగా కుట్టుకునేవాళ్లు.

కెమెరా కూడా ఆ దారినే వచ్చింది. 1848లో దాన్ని తెప్పించిన వర్తకుడు ఎవరో కాదు, హికోమా తండ్రి తోషినోజో. అది తర్వాత సత్సుమా సంస్థానాధీశుడు షిమజు నరియాకిరా చేతికి చేరింది. కానీ పెట్టె ఉంటే చాలా? దాంతో బొమ్మ తీయడం పట్టుబడటానికి ఆయన మనుషులకు ఏళ్లు పట్టింది. 1857లో వాళ్లు తీసిన ప్రభువుగారి చిత్రం ఇప్పటికీ భద్రంగా ఉంది. జపానువాళ్లు తీసిన ఫొటోల్లో ఇప్పుడు మిగిలున్న వాటిలో అదే పాతది.

హికోమా కష్టాలు వేరు. నాగసాకిలో వైద్యం బోధించే డచ్చి డాక్టరు పోంపె దగ్గర రసాయనశాస్త్రం చదువుకుంటుండగా ఓ పుస్తకంలో ఫొటోగ్రఫీ గురించి కంటపడింది. అంతే, నిద్రపట్టలేదు. అప్పటి పద్ధతి ఏమిటంటే గాజుపలకకు మందు పూసి, అది తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి బొమ్మ పట్టాలి, ఆరకముందే కడగాలి. ఆ మందులు జపాన్‌లో దొరకవు. అందుకని మిత్రుడు హొరియె కువజిరోతో కలిసి సొంతంగా తయారుచేయడానికి పూనుకున్నాడు. అమోనియా కోసం మాంసం అంటుకున్న పశువుల ఎముకలు తెచ్చి భూమిలో పాతిపెట్టారు. బాగా కుళ్లాక తవ్వితీసి, కుండలో వేసి ఉడికించారు. ఆ కంపు భరించలేక చుట్టుపక్కలవాళ్లు అధికారులకు ఫిర్యాదు చేశారంటే చేయరూ!

స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన పియర్ రోసియె అనే ఫొటోగ్రాఫర్ దగ్గర పని నేర్చుకుని ఎలాగో గట్టెక్కాడు. తీరా స్టూడియో తెరిస్తే జనం రారు. ఫొటో తీయించుకుంటే ప్రాణం అందులోకి పోతుందని, ముగ్గురు కలిసి దిగితే నడిమివాడు ముందు చచ్చిపోతాడని ఊరంతా భయం. మన అమ్మమ్మలూ ‘ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుంది’ అనేవాళ్లు కదా... అచ్చంగా అలాంటిదే. ముందు విదేశీయులు వచ్చారు. తర్వాత సమురాయ్‌లు. రేపు బతుకుతామో లేదో తెలియని రోజులవి. ప్రాణం పోతుందన్న భయం ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చుంటే, ప్రాణానికి తెగించినవాళ్లు వచ్చి కెమెరా ముందు నిలబడ్డారు.

1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు నడిచాడు. దాన్ని చూడటానికి అమెరికా, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు నాగసాకి కొండలెక్కారు. అమెరికా బృందానికి ఫొటోల పనిలో సాయపడింది మన హికోమాయే. అదేరోజు విశాఖపట్నంలోని తమ వేధశాలలో అంకితం వెంకట నరసింగరావు కూడా అదే శుక్రుణ్ని దుర్భిణిలో చూశారు. 1891లో రష్యా యువరాజు నికొలస్ నాగసాకి వస్తే రిక్షాలో కూర్చోబెట్టి ఫొటో తీశాడు హికోమా. ఆ యువరాజే రష్యా చివరి జార్. నాగసాకిలో సరదాపడి చేతిమీద పచ్చబొట్టు కూడా పొడిపించుకున్నాడు!

హికోమా 1904లో కన్నుమూశాడు. ఆయన గాజుపలకల్లో ఊరు మాత్రం అలాగే ఉండిపోయింది. రేవులో తెరచాప ఓడలు, కొండవాలు మీద ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టున్న పెంకుటిళ్లు, ఏటిమీద రాతి వంతెనలు. వాటిలో ఒకటి కళ్లద్దాల వంతెన. 1634లో కట్టిన దాని రెండు కమానులూ నీళ్లలోని నీడతో కలిస్తే కళ్లజోడులా కనిపిస్తాయి. 1982 జులై వరదలో దెబ్బతింటే, కొట్టుకుపోయిన రాళ్లను ఏట్లోంచి ఏరి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అలా తిరిగి నిలబెట్టుకునే వీలు ఊళ్లో అన్నిటికీ దొరకలేదు.

పదకొండు గంటల రెండు నిమిషాలు

వంతెన దగ్గర్నుంచి ట్రామ్‌లో ఉత్తరంగా వెళితే ఉరకామి లోయ వస్తుంది. క్రైస్తవాన్ని నిషేధించిన రోజుల్లో రెండున్నర శతాబ్దాలపాటు రహస్యంగా తమ ప్రార్థనలు కాపాడుకున్న రైతుల ఊరది. 1865లో వాళ్లు బయటపడితే, మూడువేలమందికి పైగా దూర ప్రాంతాలకు తరిమేశారు. 1873లో తిరిగొచ్చారు. 1895లో చర్చి మొదలుపెట్టి, 1914కు పూర్తిచేశారు. ఎర్ర ఇటుకల ఆ చర్చి ముందు పిల్లాపాపలతో నిలబడి తీయించుకున్న పాత ఫొటోలున్నాయి. ఎవరి ముఖంలో చూసినా సంబరమే.

1945 ఆగస్టు 9. అమెరికా విమానం అణుబాంబుతో బయల్దేరింది కొకురా నగరం మీదికి. అక్కడ కింద ఏమీ కనిపించకపోవడంతో నాగసాకికి మళ్లింది. ఉదయం 11 గంటల 2 నిమిషాలకు ఉరకామి మీద, నేలకు 500 మీటర్ల ఎత్తున బాంబు పేలింది. ఆ ఏడాది చివరికి చనిపోయినవారు సుమారు 74 వేలమందని నగరపాలక సంస్థ అంచనా. చర్చి కుప్పకూలింది. అక్కడి 12 వేలమంది క్యాథలిక్కుల్లో 8,500 మంది పోయారు.

మర్నాడు తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో మిచినో స్టేషన్లో రైలు దిగాడు యమహాతా యోసుకె. వయసు 28. సైన్యంలో ఫొటోగ్రాఫర్. వెంట ఓ రచయిత, ఓ చిత్రకారుడు. శత్రువు ఎంత క్రూరుడో ప్రపంచానికి చాటడానికి పనికొచ్చే ఫొటోలు తెమ్మని పై అధికారుల ఆజ్ఞ. చీకట్లో నడుస్తుంటే అటూ ఇటూ మూలుగులు. తెల్లారాక కెమెరా తీశాడు. ఆ ఒక్కరోజులో వందకు పైగా ఫొటోలు.

వాటిలో ఒకటి చూడండి. ఒక తల్లి, ఆమె పక్కన పసివాడు. తలకు దూది దట్టించిన టోపీ. ముఖమంతా గాయాల మరకలు. ఇద్దరి చేతుల్లోనూ చెరొక అన్నం ముద్ద... సహాయకులు పంచింది. వాడు తినడం లేదు. దాన్ని గట్టిగా పట్టుకుని కెమెరా వైపు చూస్తున్నాడంతే. శవాలు, కాలిన మొండి గోడలు ఉన్న మిగతా ఫొటోలను చూసి తల తిప్పుకునేవాళ్లు కూడా దీని దగ్గర ఆగిపోతారు. అన్నం ముద్ద పట్టుకున్న పిల్లాడు ఎవరింట్లో లేడు!

యమహాతా ఆ నెగెటివ్‌లను సైన్యానికి అప్పగించలేదు. కొద్దిరోజుల్లో యుద్ధం ముగిసింది. అమెరికన్ల పాలన వచ్చింది, దాంతోపాటు అణుబాంబు వార్తల మీద, చిత్రాల మీద సెన్సారూ వచ్చింది. ఏడేళ్లు నెగెటివ్‌లు దాచుకున్నాడు. 1952లో ఆ పాలన ముగిసిన ఏడాదే పుస్తకంగా వేశాడు. నాగసాకిలో ఏం జరిగిందో ఆ రాష్ట్రం బయట చాలామంది కళ్లారా చూసింది అప్పుడే. 1965 ఆగస్టు 6న, సరిగ్గా తన 48వ పుట్టినరోజున యమహాతా జబ్బుపడ్డాడు. క్యాన్సర్ అన్నారు. 1966 ఏప్రిల్‌లో పోయాడు. ఆ రోజు ఊళ్లో తిరిగినందుకే వచ్చిందా? ఎవరు చెప్పగలరు.

దాచింది ఆయనొక్కడే కాదు. జో ఒడానెల్ అనే అమెరికన్ సైనిక ఫొటోగ్రాఫర్ అప్పట్లో ఓ పిల్లాణ్ని ఫొటో తీశాడు. పదేళ్లుంటాయేమో. చనిపోయిన తమ్ముణ్ని వీపున కట్టుకుని, దహనం చేసేచోట సైనికుడిలా నిటారుగా నిలబడ్డాడు. కాళ్లకు చెప్పుల్లేవు. పెదవి బిగపట్టి ఉన్నాడు. ఒడానెల్ ఇంటికి వెళ్లి ఆ నెగెటివ్‌లను ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. మళ్లీ తెరిచింది 1989లో. పోప్ ఫ్రాన్సిస్ 2017 చివర్లో ఆ ఫొటోను కార్డుగా అచ్చువేయించి ‘యుద్ధఫలం’ అని కింద రాయించి పంచిపెట్టారు. ప్రపంచమంతా చూసినా ఆ పిల్లాడు ఎవరో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. ఒడానెల్ 2007లో చనిపోయాడు... ఆగస్టు 9నే.

ఇది ఏ వీధి?

ఉరకామి చర్చి శిథిలాలు 13 ఏళ్లు అలాగే నిలబడ్డాయి. ఉంచాలని కొందరు, తీసేసి కొత్తది కట్టాలని కొందరు. 1958లో కూల్చేశారు, మరుసటేడు కొత్త చర్చి లేచింది. గోడముక్క ఒకదాన్ని తెచ్చి బాంబు పేలిన చోటి పార్కులో పెట్టారు. హిరోషిమాకు గుమ్మటం కట్టడం మిగిలింది, నాగసాకికి ఫొటోలు మిగిలాయి. తలలు తెగిన దేవదూతల విగ్రహాలు, మొండిగోడల కింద ఆడుకుంటున్న పిల్లలు... చాలావరకు ఇప్పుడు కాగితం మీదే. తోమత్సు షోమే అనే ఫొటోగ్రాఫర్ 1961లో తొలిసారి ఇక్కడికి వచ్చి, 11:02 దగ్గర ఆగిన చేతి గడియారాన్ని ఫొటో తీసుకెళ్లాడు. బతికి బయటపడ్డవాళ్ల ముఖాల కోసం మళ్లీమళ్లీ వచ్చి, చివరికి 1998లో నాగసాకికే కాపురం మార్చేశాడు.

ఊళ్లో మరో పని కూడా జరుగుతూ వచ్చింది. బాంబు దాడి నుంచి బతికినవాళ్లు కొందరు బృందంగా కూడి, దేశ విదేశాల నుంచి దొరికిన ఫొటోలు ముందేసుకుని ‘ఇది ఏ వీధి, ఎటువైపు నిలబడి తీశారు’ అని తేల్చేవాళ్లు. ఇళ్లు లేవు, చెట్లు లేవు, అంతా బూడిదే. ఎలా గుర్తుపడతారు? వెనక ఉన్న కొండల్ని బట్టి! ఊరు కాలిపోయినా కొండల గీత మారలేదు కదా. ఆ గీత పట్టుకుని, ఇక్కడ మా బడి, ఇక్కడ ఫలానావాళ్ల దుకాణం అని లెక్క తేల్చేవాళ్లు. బాంబుకు ముందరి ఫొటోలను కూడా ఇళ్లిళ్లూ తిరిగి సేకరించారు. పెళ్లి ఫొటోలు, బడి ఫొటోలు, కొత్త సైకిలు పక్కన నిలబడ్డవి. చచ్చిపోయినట్టుగానే కాదు, బతికినట్టుగా కూడా చూపించాలని.

ఫొటోలో కనిపించేదే మొత్తం కథ అనుకోకూడదు. నాగసాకి రేవు నుంచి పడవలో వెళితే హషిమా దీవి వస్తుంది. 16 ఎకరాలు కూడా లేని ఆ బొగ్గుగని దీవిలో 1959లో 5,259 మంది ఉండేవాళ్లు. మేడల మీద కూరగాయలు పండించడం, డాబా మీద పిల్లల బడి... ఆనాటి ఫొటోలు చూస్తే ముచ్చటేస్తుంది. 1974లో గని మూసేశారు, అందరూ వెళ్లిపోయారు. ఇప్పుడు శిథిలమైన కాంక్రీటు మేడలే. అయితే యుద్ధకాలంలో బలవంతాన తెచ్చి గనిలో దింపిన కొరియా, చైనా కూలీలు ఆ ముచ్చటైన ఫొటోల్లో లేరు. అవి తీసేనాటికి ఆ కథ ముగిసిపోయింది. 2015లో ఈ దీవికి యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు కొరియాతో పేచీ వచ్చింది అందుకే.

ఏటా ఆగస్టు 15 సాయంత్రం నాగసాకి వీధుల్లో చెవులు చిల్లులుపడేలా టపాకాయలు పేలతాయి. చూడటానికి వచ్చినవాళ్లు చెవుల్లో దూది పెట్టుకోవాల్సిందే. పండగ అనుకుంటే పొరపాటే. మన మహాలయ పక్షాల్లాగా అక్కడ ‘ఓబోన్’ రోజుల్లో పితృదేవతలు ఇంటికి వచ్చి వెళతారని నమ్మకం. ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయుంటే, వాళ్లను సాగనంపడానికి వెదురుతో, చెక్కతో పడవ కట్టి, దీపాలు వేలాడదీసి, చక్రాల మీద ఊరేగిస్తారు. కంచు గంట మోగిస్తూ ‘డోయి డోయి’ అంటూ కొడుకులు, మనవలు లాగుతారు. పూర్వం సముద్రంలోకి వదిలేవాళ్లు. ఇప్పుడు రేవు దగ్గరిదాకా తెచ్చి విప్పేస్తున్నారు.

చాలా పడవల ముందు ఒక ఫొటో ఉంటుంది. నవ్వుతున్న తాత. కిమోనోలో అమ్మమ్మ. అప్పుడప్పుడు, చూసేవాళ్లు మాటలాపేసేంత చిన్న వయసు ముఖం. టపాకాయల పొగలో ఆ ఫొటో కాసేపు కనిపించకుండా పోతుంది. గాలి వీచాక మళ్లీ కనిపిస్తుంది. పడవ ఇంకాస్త ముందుకు కదులుతుంది.