చూపంతా కంటిలోనే లేదు

"సార్, అచ్చరాలు బాగానే కనపడతాండాయి గానీ, మెట్లు దిగాలంటే బయమేస్తాంది." శుక్లాలకు శస్త్రచికిత్స చేయించుకొన్న వృద్ధులు ఈ మాట చెప్పగా కర్నూలులో నా వృత్తిజీవితమంతా విన్నాను. ఇంటిలోనివారు దీనిని పరధ్యానమనో, చాదస్తమనో కొట్టివేస్తుంటారు. డెబ్బై దాటిన నాకు ఇప్పుడు అది స్వానుభవం. అద్దాలతో నా చూపు 6/6. అయినా సంధ్యవేళ కొండారెడ్డి బురుజు వద్ద రోడ్డు దాటవలసివస్తే, ఎదురుగా వచ్చే ఆటో ఎంత దూరంలో ఉన్నదో తేల్చుకొనడానికి ఒక క్షణం ఎక్కువ పడుతున్నది. ఆ క్షణం ఎక్కడ ఆలస్యమవుతున్నదో మీరు తెలుసుకొనడం అవసరం.

కన్ను కాంతిని గ్రహిస్తుంది. రెటీనా ఆ కాంతిని విద్యుత్ సంకేతాలుగా మార్చి నేత్రనాడి ద్వారా మెదడుకు పంపుతుంది. తల వెనుక భాగాన ఉన్న దృష్టి కేంద్రం వాటిలోని అంచులను, కదలికలను విడదీస్తుంది. ఆపైన మెదడులోని ఒక మార్గం 'ఇది ఏమిటి' అని, మరొక మార్గం 'ఇది ఎక్కడ ఉన్నది, ఎటు కదులుతున్నది' అని నిర్ణయిస్తాయి. కంటి పరీక్షలో తెల్లని పలకపై కదలని నల్లని అక్షరాలను తీరికగా చదువుతాము. వీధిలో అంత తీరిక ఉండదు.

వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. అరవై ఏళ్ల వ్యక్తి రెటీనాకు చేరే కాంతి, ఇరవై ఏళ్ల వయసులో చేరేదానిలో సుమారు మూడవ వంతేనని అంచనా. శస్త్రచికిత్స కటకాన్ని మార్చగలదు గానీ మెదడును మార్చలేదు. ఆరోగ్యకరమైన వార్ధక్యంలో దృష్టి కేంద్రపు కణాలు పెద్దసంఖ్యలో నశించవు. వాటి మధ్య క్రమశిక్షణ సడలుతుంది. అనవసరమైన సంకేతాలను అణచే 'గాబా' అనే రసాయనం పనితనం తగ్గి, కణాలు అవసరమైనదానికీ, కానిదానికీ స్పందిస్తాయి. సంతలో అందరూ ఒక్కసారిగా మాట్లాడితే మనవారి గొంతు పోల్చుకొనడం కష్టమయినట్లే ఇదీ. 2003లో 'సైన్స్' పత్రికలో వెలువడిన పరిశోధనలో ముసలి కోతుల దృష్టి కేంద్రానికి గాబాను అందించినప్పుడు, అక్కడి కణాలు పడుచు కోతుల కణాలను పోలిన స్పష్టతతో స్పందించాయి.

మన ప్రాంతంలో దీని ప్రభావం ఇంటి గడపలోనే కనిపిస్తుంది. మెట్లన్నీ ఒకే రంగు కడప బండలతోనో, బేతంచెర్ల బండలతోనో కట్టుకొంటాము. వెలుగునీడల తేడాను పసిగట్టే శక్తి తగ్గినవారికి ఒక మెట్టు ఎక్కడ ముగిసిందో, మరొకటి ఎక్కడ మొదలయిందో తెలియదు. మిట్టమధ్యాహ్నపు ఎండలోనుండి మట్టిమిద్దెలోని చీకటిలోకి అడుగుపెడితే చూపు కుదుటపడడానికి పడుచువారికంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. తుంటి ఎముక విరిగి మంచానపడిన వృద్ధులు ఎందరో మళ్లీ మునుపటివలె నడవలేరు.

కాబట్టి ప్రతి మెట్టు అంచున పసుపు లేదా తెలుపు రంగు గీత వేయించండి. గడపకు పసుపు పూసే ఆచారం మనకు ఉండనే ఉన్నది. అదే ఉపాయం మెట్లకూ పనికివస్తుంది. రాత్రివేళ స్నానాలగదికి వెళ్లే దారిలో దీపం ఉంచండి. దూరానికీ దగ్గరకూ కలిపి ఇచ్చిన అద్దాలతో మెట్లు దిగేటప్పుడు పాదం వద్ద చూపు మసకబారుతుంది. అటువంటివారు నడకకు వేరే అద్దాలు అడగండి. ఎండలోనుండి వచ్చినవారు గుమ్మంలో కొంతసేపు నిలవండి. రాత్రిపూట వాహనం నడపడం నేను మానుకొన్నాను.

సాధనకూ ఫలితం ఉన్నది. అమెరికాలో 65 ఏళ్లు దాటిన సుమారు 2,800 మందిపై జరిగిన అధ్యయనపు ఫలితాలు 2002లో వెలువడ్డాయి. వారిలో కంప్యూటరు తెరపై చూసినదానిని త్వరగా గుర్తించడంలో శిక్షణ పొందిన బృందానికి ఆ వేగం పెరిగింది.

ఈ మార్పులన్నీ ఏళ్ల తరబడి మెల్లగా వచ్చేవి. హఠాత్తుగా వచ్చేదానిని వయసు ఖాతాలో వేయకండి. రెండు కళ్లకూ ఒకే పక్క చూపు ఉన్నట్లుండి పోతే అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోను చేయండి. గడ్డను కరిగించే మందుకు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. కళ్లు బాగున్నా ఎదుట ఉన్న వస్తువు దొరకకపోవడం, వరుస తప్పి చదవడం నెలనెలకూ పెరుగుతుంటే నాడీవైద్యుని సంప్రదించండి. కొందరిలో ఆల్జైమర్స్ వ్యాధి మతిమరుపుతో కాక ఇటువంటి చూపు చిక్కులతోనే మొదలవుతుంది.

మీ ఇంటి పెద్దలు మెట్టుపై ఆగినప్పుడు తొందరపెట్టకండి. ఆ క్షణంలో వారి మెదడు దారిని లెక్కవేస్తున్నది. అది పూర్తికానివ్వండి.