పైపుల బీరువా ఖర్చు

పైపు కొన్నప్పుడు రసీదు మీద పడేది దాని ధరలో ఒక భాగమే. మిగతాది దాన్ని ఇంట్లో ఉంచుకోవడానికి అవుతుంది. సరుకు ఓడల్లో ఇంజనీరుగా తిరిగిన రోజుల్లో రేవుల్లో కొన్న పొగాకు పైపులు విశాఖపట్నంలో మా ఇంటికి చేరాక, ఈ రెండో భాగాన్ని పక్కా లెక్కలోకి తెచ్చాను. నేను పొగ తాగను. నన్ను కట్టిపడేసింది ఆ చెక్క, ఆ పనితనం.

పాడయ్యే తీరు తెలిస్తేగానీ ఖర్చెందుకో అర్థం కాదు. ఎక్కువ పైపుల గిన్నె బ్రయర్ చెక్కది. మధ్యధరా తీరాల్లో పెరిగే ఎరికా అర్బోరియా పొదకు వేళ్ల దగ్గర ఉబ్బే గడ్డ అది. దాన్ని ఉడకబెట్టి, నెలల తరబడి ఆరనిచ్చి, ఆపైన తొలుస్తారు. చెక్క గట్టిదే, చిక్కంతా కాడతోనే. పాత పైపుల కాడలు చాలావరకు ఎబొనైటువి, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. వెలుతురూ తేమా తగిలే కొద్దీ ఆ గంధకం పైకి తేలుతుంది. నిగనిగలాడే నల్ల కాడ గోధుమరంగుకు తిరిగి, చివరికి పాచి పట్టినట్టు అవుతుంది. పక్కనున్న వెండిని నల్లబరిచేదీ ఆ గంధకమే. పీటర్సన్ పైపుల వెండి కట్టు మీద డబ్లిన్ హాల్‌మార్కు ఉంటుంది. అందులోని అక్షరాన్ని బట్టి ఏ ఏడాది ముద్రో చెప్పొచ్చు. నల్లబడిందని మాటిమాటికీ తోమితే ఆ అక్షరం అరిగిపోతుంది. అక్షరం పోయిందంటే పైపు వయసుకు సాక్ష్యం పోయినట్టే, ధర పడిపోయినట్టే. తోమే అవసరం రాకుండా చూసుకోవడానికి పెట్టే ఖర్చు నాకెప్పుడూ దండగ అనిపించలేదు.

మీర్షామ్ సంగతి వేరు. టర్కీలో ఎస్కిషెహిర్ చుట్టుపక్కల తవ్వితీసే తెల్లని మెత్తటి రాయి అది. చేతిలోకి తీసుకుంటే ఇంత తేలికైన రాయి ఉంటుందా అనిపిస్తుంది. చెక్కాక తేనెమైనం పట్టిస్తారు. కింద పడితే మాత్రం ముక్కలే. మీర్షామ్ పైపులను అద్దాల వెనుక నిలబెట్టను. కొన్ననాటి పెట్టెల్లోనే, కింది అరలో పడుకోబెడతాను.

ఇక మా ఊరి గాలి. సముద్రపు తేమకు తోడు ఉప్పు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా హాలు కిటికీ అద్దాలు పగిలి, జల్లు ఎదుటి గోడ దాకా కొట్టింది. పైపులు అప్పటికి ఇనుప ట్రంకులో ఉన్నాయి కాబట్టి బతికాయి. తర్వాత బీరువా చేయించేటప్పుడు అందరూ హాల్లో పెట్టమన్నా, కిటికీ లేని నడవ గోడనే ఎంచుకున్నాను. అక్కడ ఎండ పడదు, జల్లు రాదు.

రెడీమేడ్ గాజు బీరువా సగం ధరకే దొరికేది. అయితే కొత్త ప్లైవుడ్డు, ఎండీఎఫ్ చాలాకాలం జిగురు ఆవిరి వదులుతూనే ఉంటాయి. మూసిన తలుపుల వెనుక ఆ ఆవిరికి పోయే దారి ఉండదు. అందుకని పాత ఇళ్లు పడగొట్టిన చోట అమ్మే టేకు తలుపులు కొని, వడ్రంగి మేస్త్రికి అప్పగించాను. "ఈ చెక్క ఆరాల్సిందంతా ఆరిపోయింది సార్, ఇంక వంకర తిరగదు" అన్నాడాయన. కలపా కూలీ అద్దాలూ కలిపి నలభై వేలు దాటింది. ఆ డబ్బుకు ఒకరు వాడిన, కాడ మీద తెల్లచుక్క ఉన్న డన్‌హిల్ పైపు ఒకటి వచ్చేది. నేను బీరువానే ఎంచుకున్నాను. ఆ ఒక్క డన్‌హిల్ కోసం మిగతావన్నీ ట్రంకులో మగ్గాలా?

పైపులు నిలబెట్టే స్టాండ్లు ఏటికొప్పాకలో చేయించాను. అంకుడు కర్రతో బొమ్మలు తీసే చేతులవి. గిన్నె ఒదిగే గుంట, కాడ ఆనే నొక్కు ఎంత నున్నగా తీశారో! విదేశీ స్టాండుకు తపాలా ఖర్చే అంతకన్నా ఎక్కువయ్యేది. అరల్లో ఉన్ని గుడ్డ పరచలేదు, ఉన్నిలోనూ గంధకం ఉంటుంది. నూలుగుడ్డ వేశాను.

తేమ లాగే యంత్రం కొనాలా వద్దా అని కాగితం మీద లెక్క వేశాను. 200 వాట్ల యంత్రం రోజుకు 10 గంటలు నడిస్తే 2 యూనిట్లు, నెలకు 60. కరెంటు బిల్లులో స్లాబు మారితే ఆ అదనపు యూనిట్లకు ఎక్కువ రేటు పడుతుంది. ఒక్క బీరువా కోసం గదంతా ఆరబెట్టడం దేనికి? తలుపుల అంచుల సందులు మూయించి, లోపల సిలికా జెల్ సంచులు, చిన్న తేమ మీటరు పెట్టాను. మీటరు 50 శాతం దగ్గర నిలిస్తే చాలు. జెల్ రంగు మారితే ఓవెన్లో వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. ఏడాదికి కొన్ని వందల్లో తేలిపోతుంది.

ఇవన్నీ ఇంటి ఖర్చులోంచి రావు. పైపులకు విడిగా ఒక ఖాతా ఉంది. సిప్‌లు, ఆరోగ్య బీమా కట్టాక మిగిలినదాంట్లోంచే అందులో కొంత వేస్తాను. సంరక్షణ ఖర్చు మొదట తీస్తాను, కొనుగోలు తర్వాత. 2025 సెప్టెంబరు 22 నుంచి పైపుల మీద జీఎస్టీ 40 శాతమైంది కాబట్టి, కొనుగోలుకు మిగిలేది ఇంకా చిన్నదైంది. బీరువా వచ్చిన రోజే మా ఆవిడ "ఇది నిండాక ఇంక ఆపేయాలండీ" అంది. ఆ మాటను నియమంగా పెట్టుకున్నాను. కొత్తది రావాలంటే ఉన్నది ఒకటి అమ్మాలి, లేదా ఎవరికైనా ఇవ్వాలి. ఖాతాలో డబ్బుందనే ధైర్యం ఖర్చు చేయి దాటేలా చేయగలదు గానీ, బీరువాలో చోటు అబద్ధం ఆడదు.

ఆస్తుల లెక్కలో పైపుల ఎదురుగా సున్నా రాస్తాను. మన దేశంలో వీటిని కొనేవాళ్లు బహు కొద్దిమంది. అవసరానికి అమ్మబోతే అడిగిన ధర రాదు. రిటైర్మెంటు ఖర్చులకు వీటిని నమ్ముకోవడం తప్పు. బీమాలో మాత్రం విలువ రాయించాను. 2021లో వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో ఇంటి సామానుకు భవనం బీమా మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షల వరకు రక్షణ దానంతటదే ఉంటుంది. కళావస్తువుల్లాంటి విలువైనవాటికి ముందుగా ఒప్పుకున్న విలువతో విడిగా కవర్ తీసుకోవాలి. అందుకోసం ప్రతి పైపుకీ ఫొటో తీసి, ముద్రలను దగ్గరగా చూపించి, రసీదు అతికించి ఒక పుస్తకం తయారుచేశాను. దాని నకలు మా అమ్మాయి దగ్గర ఉంది. ఏది ఎంతకు కొన్నానో, ఏది అమ్మొచ్చో, ఏది ముక్కలైతే బాగు కాదో అందులో ఉంది.

ఈ ఏడాది కొత్త పైపు లేదు. నడవ దీపం కాంతి నేరుగా పడే పై అర అద్దానికి అతినీలలోహిత కిరణాలను ఆపే ఫిల్మ్ వేయించాలి. ఆ ఖర్చు పోగా మిగిలితే వచ్చే ఏడాది ఒక సవినెల్లీ పైపు చూస్తాను.